కారును తిరగేసి చూడండి

పాత లోహపు బొమ్మ బండ్లను పోగుచేసేవాళ్ళు ముందు చూసేది రంగు కాదు, అడుగు. అక్కడున్న నాలుగు అక్షరాలు, ఇరుసు చివర, రివెట్టు తల కలిసి ఆ బండి ఏ ఊళ్ళో, ఏ కాలంలో, ఏ అచ్చులోంచి వచ్చిందో చెప్పేస్తాయి. గుంటూరు ఇళ్ళ అటకల మీద, ట్రంకుపెట్టెల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. తూకానికి వేసేలోపు వాటిని చదవడం నేర్చుకుందాం.

అరచేతిలో ఇమిడే చిన్న బస్సు. పేరు స్టాండర్డ్ 20 మినీబస్. రంగు సగం రాలిపోయి, ఓ చక్రానికి టైరు ఊడిపోయి, పాత ఇత్తడి సామాను మధ్య దొరికిందనుకోండి. ఎదురుగా ఉన్న పిల్లాడి చేతికిచ్చి మన పని మనం చూసుకుంటాం. ఒక్క నిమిషం ఆగి తిరగేస్తే, అడుగున ఉబ్బెత్తు ఇంగ్లిషు అక్షరాల్లో ‘నిక్కీ టాయ్స్’ అని, ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటుంది. ఆ అక్షరాల చుట్టూ వేలితో తడిమితే కొన్ని బండ్లలో చిన్న ఎత్తుపల్లం తగులుతుంది. అక్కడ అంతకుముందు వేరే పేరు ఉండేది. అచ్చులో ఆ పేరున్న చోటు పూడ్చేసి, కొత్త పేరు చెక్కారు.

పాత పేరు డింకీ టాయ్స్. దాని ఊరు ఇంగ్లండులోని లివర్‌పూల్.

అసలు వ్యాను ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసిన అట్లాస్. అదే వ్యానును మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు ‘స్టాండర్డ్ 20’ పేరుతో తయారుచేసి అమ్మారు. హెరాల్డ్ కారు కూడా ఆ ఫ్యాక్టరీదే. లివర్‌పూల్ వాళ్ళు ఆ వ్యానుకు బొమ్మ చేశారు. ఆ బొమ్మ అచ్చు సముద్రం దాటి కలకత్తా చేరింది. అక్కడ పోతపోసిన బండి మన మద్రాసు పేరు పెట్టుకుని, రైలెక్కి, ఏ ఫ్యాన్సీ షాపు అద్దాల బీరువాలోనో కూర్చుని, చివరికి గుంటూరు ఇంటి అటక ఎక్కింది. ఇన్ని ఊళ్ళ ప్రయాణం అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఓ పలక మీద రాసి ఉంటే, చదవకుండా పక్కన పెట్టడం నాకు చేతకాదు.

అచ్చులు కలకత్తా ఎందుకొచ్చాయి?

మెకానో బొమ్మల సృష్టికర్త ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీ 1933 చివర్లో చిన్న లోహపు బండ్లు మొదలుపెట్టింది. మొదట అవి బొమ్మ రైళ్ళ పక్కన అలంకారానికి పెట్టుకునేవి. 1934లో వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. పాతికేళ్ళు తిరిగేసరికి ఇంగ్లిషు మధ్యతరగతి ఇళ్ళలో డింకీ లేని పిల్లాడు లేడన్నంతగా పాకిపోయాయి.

మన దగ్గర కథ వేరు. 1957 ప్రాంతంలో విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. దిగుమతుల మీద ఆంక్షలు బిగుసుకున్నాయి. యంత్రాలకూ మందులకే లైసెన్సులు కష్టమైన రోజుల్లో బొమ్మ కార్లకు ఎవరిస్తారు? బొమ్మ రాలేదు కానీ బొమ్మను కనే అచ్చు వచ్చింది. లివర్‌పూల్‌లో పని అయిపోయి పక్కన పెట్టిన డింకీ అచ్చుల్ని 1960ల చివర్లో కలకత్తాకు చెందిన ఎస్. కుమార్ అండ్ కంపెనీ తెప్పించుకుని నిక్కీ టాయ్స్ పేరుతో బండ్లు పోసింది. జాగ్వార్ ఈ-టైప్, జాగ్వార్ మార్క్ 10, ఫోక్స్‌వాగన్ 1500, బెంట్లీ, మెర్సిడెస్ 220, లింకన్ కాంటినెంటల్, జీపు, మన మినీబస్, అన్నీ అలా వచ్చినవే. అప్పటికి గుంటూరు రోడ్ల మీద జాగ్వార్ ఈ-టైప్ చూసినవాళ్ళు ఎవరుంటారు? అయినా ఆ కారు ఆకారం మన పిల్లల అరచేతులకు తెలుసు.

అదే కలకత్తాలో మిల్టన్, మాక్స్‌వెల్ అనే మరో రెండు పేర్లు. మిల్టన్ బండ్లలో బ్రిటన్ కార్గీ బొమ్మల పోలికలు, మాక్స్‌వెల్ బండ్లలో అక్కడి మ్యాచ్‌బాక్స్ బొమ్మల పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆ తర్వాత 1980ల చివరి నుంచి లియో వచ్చింది. అప్పట్లో వీఐపీ సూట్‌కేసులు చేసిన బ్లో ప్లాస్ట్ సంస్థ బొమ్మల విభాగమది. అమెరికా మాటెల్‌తో చేయి కలిపి హాట్ వీల్స్‌ను ఇక్కడే తయారుచేసింది. 1980ల చివర్లో, 90ల్లో పుట్టినరోజు కానుకగా హాట్ వీల్స్ అందుకున్న గుంటూరు పిల్లల్లో చాలామందికి అందింది లియో ముద్ర ఉన్నదే.

చాలాకాలం ఈ నాలుగు పేర్లనూ నకళ్ళ కింద జమకట్టి పక్కన పడేశారు. రంగు మందంగా ఉందని, అంచులు నునుపుగా లేవని, చక్రాలు వంకరని. ఆ మాటల్లో అబద్ధం లేదు. కానీ అలసిపోయిన అచ్చుతో, దొరికిన లోహంతో, దొరికిన రంగుతో పనిచేసిన కార్మికుల చేతిగుర్తులవి. ఒక బ్యాచికీ మరో బ్యాచికీ రంగు మారడం, డబ్బాలో ఉన్న రంగు అయిపోతే ఇంకోటి కలపడం, ఈ కారు చక్రాలు ఆ కారుకు వేయడం ఇక్కడ మామూలు. ఇంగ్లండులో తేడా అరుదు, అందుకే దానికి విలువ. మన బండ్లలో తేడాయే సహజం. లివర్‌పూల్ బొమ్మల మీద లావుపాటి పట్టికలు అచ్చయ్యాయి. ఏ ఏడు ఏ రంగు, ఏ చక్రం అన్నది గీతగీసినట్టు చెబుతాయి. కలకత్తా బొమ్మలకు అంత నిండైన పట్టిక రాలేదు. ఆ పట్టికకు కావలసిన సరుకంతా మన ఇళ్ళలోనే చెదిరి ఉంది.

తేడా ఎక్కడ పుడుతుంది

పని తీరు తెలిస్తే తేడా దొరుకుతుంది. ఉక్కు దిమ్మెలో కారు ఆకారాన్ని తిరగేసి చెక్కుతారు. అది అచ్చు. జింకులో నూటికి నాలుగు పాళ్ళ అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం కలిపిన మిశ్రమాన్ని నాలుగు వందల డిగ్రీల వేడిలో కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి ఎక్కిస్తారు. క్షణాల్లో గడ్డకడుతుంది. బయటికి తీసి, అంచుల్లో మిగిలిన రెక్కలు విరిచి, రంగు వేసి, కిటికీ ప్లాస్టిక్కు, సీట్లు పెట్టి, అడుగుపలకను రివెట్టుతో బిగించి, ఇరుసుకు చక్రాలు తొడిగి చివర నలగ్గొడతారు. ఈ పనుల్లో దేన్ని మార్చినా ఓ కొత్త రకం పుట్టినట్టే.

అచ్చునే మార్చడం అన్నిటికంటే పెద్ద తేడా. తలుపు తెరుచుకునే చోట రోజూ విరుగుతుంటే, అచ్చు విప్పి అక్కడ బలం పెంచుతారు. దాంతో ఓ గీత ఎక్కువో తక్కువో అవుతుంది. అచ్చు అరిగితే నంబర్‌ప్లేటు అంకెలు, తలుపు పిడి మొద్దుబారతాయి. అందువల్ల ఒకే అచ్చు బండ్లు రెండు దొరికితే, గీతలు పదునుగా ఉన్నది ముందు పుట్టిందని చాలాసార్లు ధైర్యంగా చెప్పొచ్చు. డింకీ ఈ-టైప్‌నూ నిక్కీ ఈ-టైప్‌నూ పక్కపక్కన పెట్టి భూతద్దంతో ముందు భాగం చూడండి. పుస్తకం అవసరం లేకుండానే విషయం అర్థమవుతుంది.

రెండోది చక్రాలు. మ్యాచ్‌బాక్స్ బండ్లకు మొదట లోహపు చక్రాలు, తర్వాత బూడిదరంగు ప్లాస్టిక్కు, ఆ తర్వాత నల్ల ప్లాస్టిక్కు. ఒకే బండి ఈ మూడు దశల్లోనూ అమ్ముడైతే, మధ్యలో కొద్దికాలమే వాడిన చక్రమున్న బండి అరుదైనదవుతుంది. ఇరుసు చివర కూడా చూడాలి. తొలినాళ్ళలో దాన్ని నలగ్గొట్టి చదును చేసేవారు. తర్వాత గుండ్రటి తల వచ్చింది. నల్ల ప్లాస్టిక్కు చక్రానికి నలిగిన ఇరుసు ఉంటే ఎవరో చక్రం మార్చారేమోనని అనుమానించాలి.

1968లో అమెరికాలో మాటెల్ 16 కార్లతో హాట్ వీల్స్ విడుదల చేసింది. సన్నటి తీగ ఇరుసు, రాపిడి తక్కువ ప్లాస్టిక్కు చక్రం. తోస్తే ఆగకుండా దూసుకుపోయేవి. మ్యాచ్‌బాక్స్ అమ్మకాలు కుదేలయ్యాయి. 1969లో వాళ్ళు హడావుడిగా ‘సూపర్‌ఫాస్ట్’ చక్రాలకు మారారు. మార్పు నడుస్తున్న ఆ కాలంలో పాత శరీరానికి కొత్త చక్రం, పాత పెట్టెలో కొత్త బండి, ఇలా ఎన్నో కలయికలు బయటికొచ్చాయి. పోగుచేసేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా వెతికేది ఆ కలయికల కోసమే.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ విప్పి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకున్న మనిషిని చూడండి. తేజా, 334, బాడిగ అని చెప్పడానికి చీటీ అక్కర్లేదు. తొడిమ, తొక్క ముడత, గింజ మోత, తాలు పాళ్ళు అన్నీ కంటికీ వేలికీ ఒకేసారి అందుతాయి. బొమ్మ బండి చూపు కూడా అలా చూసిచూసి వచ్చేదే. ఆ మనిషికి పది కార్లు ఇచ్చి రెండు వారాలు తిరగేయమంటే మనకంటే ముందు తేడాలు పట్టేస్తాడని నా నమ్మకం.

ఎర్ర బస్సు మీద సిగరెట్టు ప్రకటన

మ్యాచ్‌బాక్స్ బండ్ల పుట్టుక కథ చాలామందికి తెలిసిందే. లండన్‌లో లెస్నీ అనే చిన్న కంపెనీ. అందులో జాక్ ఓడెల్ అనే ఇంజినీరు. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మ అయితేనే బడికి తేవచ్చని వాళ్ళమ్మాయి బడిలో నియమం. ఆయన అగ్గిపెట్టెలో ఇమిడే ఇత్తడి రోడ్డు రోలరు చేసిచ్చాడు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం వేళ వాళ్ళు చేసిన చిన్న రథం పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ డబ్బుతో మ్యాచ్‌బాక్స్ వరస మొదలైంది. ఒకటో నంబరు అదే రోడ్డు రోలరు.

నాకు ఇష్టమైనది అయిదో నంబరు, లండన్ డబుల్ డెక్కరు బస్సు. తేడాలు ఎలా చదవాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి వాచకం లేదు. 1954లో మొదటిది వచ్చింది. 1957లో, 1961లో, 1965లో కొత్త అచ్చులు చేశారు. ప్రతిసారీ బస్సు కాస్త పెరిగింది. కాబట్టి ముందు స్కేలు పెట్టి పొడవు కొలవాలి. ఏ అచ్చో తేలాక చక్రాలు చూడాలి. ఆ తర్వాత పక్కన అంటించిన ప్రకటన చదవాలి. మొదట్లో ‘బై మ్యాచ్‌బాక్స్ సిరీస్’ అని సొంత డబ్బా. తర్వాత ‘ప్లేయర్స్ ప్లీజ్’, ‘డ్రింక్ పియర్‌డ్రాక్స్’, ‘బీపీ విస్కో-స్టాటిక్’. అచ్చు ఒకటే, రంగు ఒకటే. ప్రకటన మారితే ధర మారిపోతుంది.

ఆ ప్లేయర్స్ ప్లీజ్ దగ్గర గుంటూరు మనిషి ఆగిపోవాలి. ప్లేయర్స్ అంటే సిగరెట్టు. పిల్లల బొమ్మ మీద సిగరెట్టు ప్రకటన ఈనాడు ఊహకైనా అందదు. ఆ ప్లేయర్స్ కంపెనీ బ్రిటన్ ఇంపీరియల్ టొబాకోలో భాగం. అదే కాలంలో గుంటూరులో ఐఎల్‌టీడీ, అంటే ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, మన నల్లరేగడి మీద వర్జీనియా పొగాకు పండింపజేసి కొనేది. బ్యారన్లలో కాల్చి, గ్రేడులు కట్టి ఓడలెక్కించేవారు. మన పొగాకు కొన్న పెద్ద దేశాల్లో బ్రిటన్ ముందుండేది. లండన్ బస్సు బొమ్మ మీద ఆ రెండు మాటల వెనక గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుల కొన్ని దశాబ్దాల చెమట ఉంది. ఆ బస్సు ఓ గుంటూరు ఇంట్లో కనబడితే దాని చుట్టూ ఉన్న చరిత్ర బ్రిటన్‌లో దొరికిన బస్సుకు ఉండదు. నా దృష్టిలో విలువంటే అదే.

డింకీల్లో ఇలాంటి పాఠం గై వ్యాను చెబుతుంది. ఒకే వ్యాను స్లంబర్‌లాండ్, లయన్స్, వీటాబిక్స్, స్ప్రాట్స్ ప్రకటనలతో వచ్చింది. పరుపులు, స్విస్ రోల్ కేకులు, అల్పాహారం, కుక్క బిస్కెట్లు. బొమ్మలు వరసగా పేరిస్తే ఓ దేశం ఆనాడు ఏం తిన్నదో, ఎలా పడుకున్నదో కనబడుతుంది.

డాక్టర్ల సూట్‌కేసులు

గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక ఆ కళాశాలలో చదివిన డాక్టర్లు పెద్ద సంఖ్యలో అటు వెళ్ళారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ సూట్‌కేసుల్లో అన్నయ్య పిల్లలకు, అక్క పిల్లలకు చిన్న కార్లుండేవి. బరువు తక్కువ, చోటు తక్కువ, కస్టమ్స్ వాళ్ళు పట్టించుకోరు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం ఇళ్ళలో ఈనాడు కనిపించే పాత మ్యాచ్‌బాక్స్, హాట్ వీల్స్ చాలావరకు అలా వచ్చినవే. బజార్లో కొన్న కలకత్తా బండీ, బాబాయి తెచ్చిన అమెరికా బండీ ఒకే పెట్టెలో కలిసిపోయాయి. అందుకే మన పెట్టెలు చదవడం కష్టం, చదివితే సంతోషం కూడా.

ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటు ఒకటుంది. హాట్ వీల్స్ అడుగున 1974 అనో 1983 అనో ఓ ఏడాది ఉంటుంది. దాన్ని చూసి బండి ఆ ఏడు తయారైందని చెప్పేస్తారు. కాదు. అది ఆ నమూనా హక్కు నమోదైన ఏడు. అదే అచ్చుతో ఇరవై ఏళ్ళ తర్వాత పోసిన బండి మీదా అదే అంకె ఉంటుంది. అసలు వయసు చెప్పేది దేశం పేరు, చక్రం, రంగు. 1977 దాకా హాట్ వీల్స్ చక్రాల చుట్టూ ఎర్ర గీత ఉండేది. అది ఉంటే తొలి తరం. లియో ఇండియా అని ఉంటే మన తరం. మ్యాచ్‌బాక్స్ అయితే లెస్నీ, ఇంగ్లండ్ అన్న మాటలు 1982 వరకు. ఆ ఏడు లెస్నీ దివాలా తీసింది. తర్వాత కొన్నవాళ్ళు తయారీని మకావుకు, ఆపైన చైనా, థాయిలాండ్‌లకు మార్చారు.

అచ్చులు కూడా వలస వెళ్ళాయి. మ్యాచ్‌బాక్స్ అచ్చులు బల్గేరియా చేరాయి. అక్కడ దొరికిన రంగుల్లో, ఇంగ్లండు ఎన్నడూ చూడని రంగుల్లో బండ్లు పుట్టాయి. పాశ్చాత్య దేశాల్లో పోగుచేసేవాళ్ళు ఇప్పుడు బల్గేరియా మ్యాచ్‌బాక్స్ కోసం, మన లియో హాట్ వీల్స్ కోసం వెతుకుతున్నారు. మన పిల్లలు అమెరికా సరుకు కాదని చిన్నబుచ్చుకున్న ఆ వింత రంగులే వాళ్ళకు ముద్దు.

అన్నిటికంటే పేరున్న తేడా కథ కూడా హాట్ వీల్స్‌దే. 1969లో ఫోక్స్‌వాగన్ వ్యానుకు వెనక నుంచి సర్ఫింగ్ పలకలు దూర్చేలా నమూనా చేశారు. అది ఇరుగ్గా, తల బరువుగా ఉండి, కార్లను తోసే యంత్రంలో సరిగా నడవలేదు. పక్కల వెడల్పు పెంచి, పలకల్ని పక్కకు మార్చి అమ్మకానికి పెట్టారు. మొదటి నమూనాల్లో గులాబీ రంగుది ఈనాడు లక్ష డాలర్లు దాటిన బొమ్మ. బయటికి రాకుండా ఆగిపోయిన నమూనాకు ఆ విలువ. అలాంటిది మన అటక మీద దొరుకుతుందని ఆశపడొద్దు. దొరికేది వేరు, దాని ఆనందం వేరు.

రంగు వేశారా, రంగు మారిందా

తేడా అంటే ఫ్యాక్టరీ గడప దాటేనాటికే ఉన్న తేడా. గడప దాటాక వచ్చింది మార్పు. ఈ రెంటినీ వేరుచేయడమే అసలు విద్య.

మన ఇళ్ళలో ఓ అలవాటు. పండక్కి కిటికీలకు వేసిన ఎనామిల్ రంగు మిగిలితే పిల్లల కార్లకు పూసేవారు. ప్రేమతోనే చేశారు. ఆ రంగు కింద అసలు రంగు దాక్కుని ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక. కుంచె గీతలు కనబడతాయి, తలుపు సందులు పూడిపోతాయి, అడుగుపలక అంచుమీదికి రంగు పాకుతుంది. ఫ్యాక్టరీలో పలక బిగించకముందే రంగు వేస్తారు కాబట్టి రివెట్టు తల మీద శరీరం రంగు ఉండకూడదు. లోపలి కప్పు కింద టార్చి వేసి చూస్తే మొదటి రంగు దొరుకుతుంది.

మోసానికి చేసే పని ఇంతకంటే నేర్పుగా ఉంటుంది. రివెట్టు తలను డ్రిల్లుతో తొలిచి, బండి విప్పి, అరుదైన రంగు వేసి, మళ్ళీ జిగురుతో అతికిస్తారు. కొత్త చక్రాలు, కొత్త స్టిక్కర్లు విడిగా అమ్ముతారు. అట్టపెట్టెలు కూడా నకలు అచ్చువేస్తున్నారు. రివెట్టు తల గుండ్రంగా, నునుపుగా, తక్కిన పలకంత పాతగా ఉందా? జిగురు మెరుపు ఉందా? రంగు అరిగిన చోట కింద లోహం కనబడుతోందా, వేరే రంగా? అతినీల కాంతి దీపం కింద కొన్ని కొత్త రంగులు, కొత్త అట్టలు వెలుగుతాయి, పాతవి మసకగా ఉంటాయి. ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పొద్దు. నాలుగు గుర్తులు ఒకే మాట చెప్పాలి.

ఎండ కూడా రంగులు మారుస్తుంది. కిటికీ గట్టు మీద ఏళ్ళ తరబడి ఉన్న ఎరుపు నారింజవుతుంది. తెల్లని స్టిక్కరు పసుపవుతుంది. పట్టికలో లేని రంగు కనబడితే ముందు బండి అడుగు అంచు, తలుపు లోపలి భాగం చూడాలి. ఎండ తగలని చోట అసలు రంగు ఉంటుంది. రెండు చోట్లా ఒకే రంగు ఉంటేనే అది కొత్త రకం అయ్యే అవకాశం.

లోహానికి పట్టే తెగులు

జింకు బొమ్మకు ఓ జబ్బు ఉంది. మిశ్రమంలో సీసం, తగరం, కాడ్మియం కొంచెం ఎక్కువైనా సరే, ఏళ్ళు గడిచాక లోపలి నుంచి పగుళ్ళొస్తాయి. బండి ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి వేలు తగిలితే పొడి అవుతుంది. 1930ల నాటి డింకీల్లో చాలా ఇలాగే పోయాయి. దీనికి మందు లేదు. పక్క బండికి అంటుకోదు కానీ వేడి, తేమ దీన్ని తొందరపెడతాయి.

గుంటూరు జిల్లాకు సీసంతో చుట్టరికం ఉంది. వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో, బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ సంస్థ సీసం గని నడిపింది. ఇప్పుడది పల్నాడు జిల్లా. ఆ సంస్థే 1977లో విశాఖపట్నంలో జింకు కరిగించే కర్మాగారం పెట్టింది. అసలు మన దేశంలో జింకు శుద్ధి చేసే కర్మాగారాలు పుట్టిందే 1967, 68ల్లో. కేరళలోని ఆల్వాయి దగ్గర ఒకటి, ఉదయపూర్ దగ్గర దేబారీలో మరొకటి. అంటే నిక్కీ బండ్లు మొదలైన కాలమూ, మన సొంత జింకు మొదలైన కాలమూ దాదాపు ఒకటే. జింకులోకి సీసం ఎంత రాకుండా చూస్తే బొమ్మకు అంత ఆయుష్షు. ఒకే గనిలో, ఒకే రాతిలో పక్కపక్కనే దొరికే ఈ రెండు లోహాలు బొమ్మలో మాత్రం కలవకూడదు.

రోహిణి కార్తెలో మన అటకల వేడి గురించి చెప్పక్కర్లేదు. పైన రేకు ఉంటే మరీనూ. అటక మీది బొమ్మలు కిందికి దించి, గాలి తగిలే బీరువాలో పెట్టడం మొదటి సాయం. బాపట్ల, చీరాల వైపు ఉప్పుగాలి ఇరుసుల్ని తినేస్తుంది. పెట్టెలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేయాలి. రబ్బరు, ప్లాస్టిక్కు టైర్లు ఒకదానికొకటి ఆనకుండా చూడాలి. మెత్తని టైరులోంచి ఊరే నూనె పక్కనున్న ప్లాస్టిక్కును కరిగిస్తుంది. సబ్బునీళ్ళలో నానబెట్టొద్దు, స్టిక్కర్లు ఊడతాయి. పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

మన బండి ఏది?

పెట్టె అంతా వెతికినా జాగ్వార్లు, లింకన్లు దొరుకుతాయి కానీ పత్తి బేళ్ళు మోసిన లారీ అంత సులువుగా దొరకదు. ఆ లోటు నన్ను బాధిస్తుంది. ఎందుకంటే అసలు బండ్ల తేడాలు చదవడంలో ఈ నేల మనుషులు మహా నేర్పరులు. టాటాలు 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేసుకున్న ఒప్పందం పదిహేనేళ్ళు నడిచి 1969లో ముగిసింది. ముందు జాలీ మీది మూడు కొనల నక్షత్రం పోయి ‘టీ’ అక్షరం వచ్చింది. లారీ యజమానులు ఆ గుర్తు చూసి బండి వయసు చెప్పేవారు. నక్షత్రం పోయాక కూడా ఎన్నో ఏళ్ళు దాన్ని బెంజి లారీ అనే పిలిచారు. చిలకలూరిపేట షెడ్లలో బాడీ కట్టిన మేస్త్రి చెక్క పనితనం చూసి ఎవరి చేయో గుర్తుపట్టేవాళ్ళుండేవారు. అంబాసిడర్ ముందు జాలీ చూసి మార్క్ 2నా, మార్క్ 3నా అని వీధి చివరి నుంచే చెప్పే పిల్లలుండేవారు. కోటప్పకొండ తిరనాళ్ళలో రేకు బస్సులు, ప్లాస్టిక్ లారీలు కొనిపించుకున్న ఆ పిల్లలే ఈనాటి అరవై ఏళ్ళవాళ్ళు. వాళ్ళ కళ్ళకు ఈ విద్య కొత్త కాదు.

కాబట్టి నా విన్నపం వాళ్ళకే. ఇంట్లో పాత లోహపు బండి ఉంటే రంగు వేయకండి, రుద్ది తోమకండి. తెల్లకాగితం మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, కిటికీ వెలుతుర్లో ఆరు వైపులా ఫొటోలు తీయండి. అడుగు ఫొటో అన్నిటికంటే స్పష్టంగా రావాలి, అక్షరాలు మసగ్గా ఉంటే వెలుతురు పక్కవాటుగా పడేలా తిప్పండి. ఎవరు కొన్నారు, ఏ ఊరి షాపులో, సుమారుగా ఏ ఏడు, ఎంతకు అన్నది అమ్మనో మేనత్తనో అడిగి రాసుకోండి. అచ్చులోని గీత భూతద్దంతో ఎప్పుడైనా దొరుకుతుంది. మేనత్తకు గుర్తున్నది ఆవిడ ఉన్నన్నాళ్ళే దొరుకుతుంది. అట్టపెట్టె ముక్క మిగిలినా పారేయకండి, ధర అచ్చువేసిన అంచు అయితే మరీ ముఖ్యం. నిక్కీ, మిల్టన్, మాక్స్‌వెల్, లియో, ఏ పేరున్నా సరే, ఒకే బండి రెండు రంగుల్లో కనబడితే రెండూ ఉంచుకోండి. పాత ఇనుము కొట్టులో అవి గ్రాముల లెక్కన పోతాయి. చక్రాలు ఊడినదీ, తలుపు లేనిదీ కూడా పనికొస్తుంది. విరిగిన బండి లోపలి గోడ మీద కనిపించే అసలు రంగు, నిండుగా ఉన్న బండిలో చూడటం కుదరదు.